మనకు సరిపడే బ్రౌజర్ – నాలుగో పాఠం: మన పని పెట్టి చూడడం

కిందటి పాఠం చివర ఒక చిన్న పని ఇచ్చాను. వారం రోజుల పాటు కంప్యూటర్లోనూ ఫోన్లోనూ మీరు తెరిచే సైట్లన్నీ ఒక కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం ఇప్పుడు పక్కన పెట్టుకోండి. రాయనివాళ్లు ఇక్కడే ఆగి, నిన్నా ఇవాళా ఏమేం తెరిచారో గుర్తు చేసుకుని ఓ పది పేర్లయినా రాయండి. ఈ పాఠమంతా ఆ కాగితం మీదే నడుస్తుంది.

"ఏ బ్రౌజర్ మంచిది?" అని ఎవరినడిగినా తాము వాడేదే చెబుతారు. రోజంతా వీడియోలు చూసే కుర్రాడికి పనికొచ్చేది, పొద్దున్నే పేపరు చదువుకుని బ్యాంకు లెక్కలు చూసుకునే పెద్దాయనకు పనికొస్తుందని లేదు. అందుకే ఈ పాఠంలో నేను ఒక పేరు చెప్పి దాన్నే వాడమనను. పరీక్ష ఎలా పెట్టాలో చెబుతాను.

మొదట ఇంజన్ సంగతి తేల్చుకోవాలి. ఇది తెలియక చాలామంది ఒకే బండిని రంగు మార్చి నాలుగుసార్లు కొంటున్నారు. పేజీని చదివి తెర మీద గీసే భాగాన్ని ఇంజన్ అంటాం. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా, వివాల్డి, శామ్‌సంగ్ ఫోన్లో వచ్చే బ్రౌజర్, ఇవన్నీ బ్లింక్ అనే ఒకే ఇంజన్ మీద నడుస్తాయి. ఒపేరాకు 2013 దాకా సొంత ఇంజనే ఉండేది, ఆ ఏడాది వదిలేసింది. మైక్రోసాఫ్ట్ కూడా 2020 జనవరిలో ఎడ్జ్‌ను ఇటే తెచ్చింది. ఫైర్‌ఫాక్స్‌ది గెకో, సఫారీది వెబ్‌కిట్. అందరికీ తెలిసిన బ్రౌజర్లలో మిగిలిన వేరే దారులు ఈ రెండే. క్రోమ్‌లో ఒక సైటు సరిగ్గా రాకపోతే ఎడ్జ్‌లో తెరిచి చూడడం వల్ల లాభం తక్కువ. ఫైర్‌ఫాక్స్‌లో తెరిచి చూస్తే లోపం సైటుదో బ్రౌజర్‌దో తెలుస్తుంది.

ఐఫోన్ వాడేవాళ్లకు ఇంకో మాట. ఐఫోన్లో మీరు ఏ పేరుతో బ్రౌజర్ వేసుకున్నా లోపల వెబ్‌కిట్టే. ఐరోపా సమాఖ్య దేశాల్లో 2024లో ఆపిల్ ఈ నియమాన్ని సడలించింది గానీ, మన దగ్గర అమ్మే ఫోన్లకు అది వర్తించదు. దీని అర్థమేమిటో తెలుగువాళ్లకు ఒకసారి బాగా అనుభవమైంది. 2018 ఫిబ్రవరిలో మన "జ్ఞా" అక్షరం ఒక ప్రత్యేకమైన కూర్పులో సందేశంగా వస్తే చాలు, ఐఫోన్లో ఆ యాప్ మూతపడిపోయేది. లోపం అక్షరాలను గీసే ఆపిల్ వ్యవస్థలో ఉంది. కాబట్టి బ్రౌజర్ మార్చినంత మాత్రాన తప్పించుకునే దారి లేదు. అదే నెలలో 11.2.6 అప్‌డేట్ ఇచ్చి దాన్ని సరిచేశారు. ఆ అప్‌డేట్ వచ్చేదాకా ఎదురుచూడడం తప్ప వాడేవాళ్లు చేయగలిగింది పెద్దగా లేదు.

ఇప్పుడు తెలుగు పరీక్ష. బ్రౌజర్లను పోల్చే వ్యాసాల్లో ఇది ఉండదు, మనకు మాత్రం ఇదే ముఖ్యం. మీ కాగితంలోంచి ఎక్కువసేపు చదివే తెలుగు సైటు ఒకటి తీసుకోండి. దాన్ని రెండు బ్రౌజర్లలో పక్కపక్కన తెరవండి. "స్వాతంత్ర్యం", "రాష్ట్రం", "ఊర్ధ్వ", "లక్ష్మి" లాంటి మాటలు వెతికి, పైవరుస ఒత్తులు కిందివరుస గుడులకు తగులుతున్నాయా, ఒత్తు అడుగు తెగిపోతోందా చూడండి. తర్వాత పేజీని 125 శాతానికి పెంచి మళ్లీ చూడండి. సైటువాళ్లు తమ ఫాంటు తామే పెట్టుకుంటే తేడా పెద్దగా కనబడదు. ఏమీ పెట్టని పాత సైట్లలోనే కనబడుతుంది, ఎందుకంటే అక్కడ బ్రౌజర్ తనకు తోచిన ఫాంటు వేస్తుంది.

ఈ విషయంలో కంప్యూటర్ మీద నా మొగ్గు ఫైర్‌ఫాక్స్ వైపే, కారణం చూపిస్తాను. సెట్టింగ్స్‌లో జనరల్ కిందికి దిగి, ఫాంట్స్ దగ్గర అడ్వాన్స్‌డ్ నొక్కండి. పైన భాషల జాబితా ఒకటి తెరుచుకుంటుంది. అందులో తెలుగు ఎంచుకుంటే, తెలుగుకు మాత్రమే ఏ ఫాంటు వాడాలో, కనీసం ఎంత సైజు ఉండాలో విడిగా చెప్పొచ్చు. మండలి ఫాంటు దించుకుని అక్కడ పెట్టి చూడండి. తెలుగు నిండుగా, తేటగా వస్తుంది. క్రోమ్ సెట్టింగ్స్‌లో ఇలా భాషవారీగా పెట్టుకునే వీలు లేదు, దానికి వేరే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కు తగిలించే చిన్న అదనపు ప్రోగ్రాం, వేసుకోవాలి. కళ్లద్దాలు మార్చినా చదవడం కష్టంగా ఉందనేవాళ్లు ముందు ఈ సెట్టింగ్ పెట్టి చూడాలని నా గట్టి నమ్మకం.

చదవడం కన్నా వినడం సులువైనవాళ్లుంటే ఎడ్జ్ చూడాలి. మా నాన్నగారికి కంటి ఆపరేషన్ అయినప్పుడు నెల రోజులు తెర చూడొద్దన్నారు. ఎడ్జ్‌లో వార్త తెరిచి కంట్రోల్, షిఫ్ట్, యూ మూడు కలిపి నొక్కితే అది చదివి వినిపిస్తుంది. తెలుగులో శ్రుతి, మోహన్ అని రెండు గొంతులున్నాయి. నాన్నగారు మోహన్ గొంతు పెట్టించుకుని, వేగం కొంచెం తగ్గించమని, సంపాదకీయం కూడా వదలకుండా విన్నారు. నెట్ లేకపోతే ఆ గొంతులు పలకవు, అది గుర్తుంచుకోండి.

మూడో పరీక్ష మెమరీ. 4 జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లకు ఇది ప్రాణం లాంటిది. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు: పాత బ్రౌజర్లో నలభై ట్యాబ్‌లు తెరిచి ఉంచి, కొత్తదాన్ని ఖాళీగా తెరిచి, "అబ్బ, ఎంత తేలిగ్గా ఉందో" అంటారు. అలా కాదు. ముందు రెండింట్లోనూ ఎక్స్‌టెన్షన్లు ఆపేయండి. మీ కాగితంలోంచి అవే ఆరు సైట్లు ఒక బ్రౌజర్లో తెరిచి, ఐదు నిమిషాలు ఆగండి. క్రోమ్‌లో, ఎడ్జ్‌లో షిఫ్ట్, ఎస్కేప్ నొక్కితే ఏ ట్యాబ్ ఎంత తింటోందో చూపిస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో అడ్రస్ పట్టీలో అబౌట్, కోలన్, ప్రాసెసెస్ అని ఇంగ్లీషులో ఖాళీ లేకుండా కొడితే అదే జాబితా వస్తుంది. అంకెలు రాసుకుని, పూర్తిగా మూసి, రెండోదానితో మళ్లీ చేయండి. తరచుగా తేలేదేమిటంటే, బరువు బ్రౌజర్ది కాదు, ఒకటి రెండు సైట్లది.

నిఘా సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మీరు ఒక సైటులో చీర చూస్తే, వార్తల సైటులో ఆ చీర ప్రకటనే ఎదురవుతుంది. దానికి వాడే పనిముట్లలో ముఖ్యమైనది థర్డ్ పార్టీ కుకీ, అంటే మీరు తెరిచిన సైటుది కాక దాని మీద ప్రకటన వేసిన మూడో మనిషి మీ బ్రౌజర్లో దాచే చీటీ. సఫారీ 2020 నుంచి దాన్ని పూర్తిగా ఆపుతోంది. ఫైర్‌ఫాక్స్ 2022 నుంచి ఏ సైటు చీటీని ఆ సైటు డబ్బాలోనే పెట్టి తాళం వేస్తోంది. బ్రేవ్ చాలా ప్రకటనలనే రానివ్వదు. క్రోమ్‌లో ఈ కుకీలను తీసేస్తామని గూగుల్ ఏళ్ల తరబడి చెప్పి, 2024 జులైలో ఆ ఆలోచన మానుకుంది. ప్రకటనలే బతుకుతెరువైన సంస్థ దగ్గర నేను అంతకన్నా ఆశించను. అలాగని ఫైర్‌ఫాక్స్‌ను చేసే మొజిల్లాకు కూడా ఎక్కువ డబ్బు గూగుల్ నుంచే వస్తుంది, సెర్చ్‌లో ముందుగా దాన్ని ఉంచినందుకు. ఇదీ మీకు తెలిసి ఉండాలి. ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ ఎక్స్‌టెన్షన్ క్రోమ్ తెచ్చిన కొత్త నియమాల వల్ల అందులో ఇక పనిచేయదు, దాని చిన్న రూపమే దొరుకుతుంది. ఫైర్‌ఫాక్స్‌లో అసలుదే నడుస్తోంది, ఆండ్రాయిడ్ ఫోన్లో కూడా.

ఇన్‌కాగ్నిటో అనే విడి కిటికీలో తెరిస్తే ఎవరికీ తెలియదనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. అది మీ కంప్యూటర్లో చరిత్ర మిగలకుండా చూస్తుంది, అంతే. మీకు నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కు, మీరు తెరిచిన సైటుకు తెలిసేది తెలుస్తూనే ఉంటుంది.

ప్రకటనలను అడ్డుకోవడం గట్టిగా ఉంటే ఒక ఇబ్బందీ ఉంది. రెండేళ్ల కిందట మా మేనకోడలి ప్రవేశ పరీక్ష దరఖాస్తు నింపుతున్నాం. ఆఖరి రోజు, రాత్రి పదకొండున్నర. ఫీజు కట్టే బటన్ నొక్కితే ఏమీ కాలేదు. మళ్లీ నొక్కాను, పేజీ అలాగే ఉంది. పిల్ల పక్కన నిలబడి గడియారం వైపే చూస్తోంది. నేను వేసుకున్న అడ్డంకి బ్యాంకు కిటికీని కూడా ఆపేసిందని తట్టడానికి పది నిమిషాలు పట్టింది. ఏ ఎక్స్‌టెన్షనూ లేని వేరే బ్రౌజర్లో మొదటి నుంచి నింపి కట్టాం. అప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి కంప్యూటర్లో రెండు బ్రౌజర్లు, రెండు వేర్వేరు ఇంజన్లవి: చదువుకోవడానికి, తిరగడానికి ఒకటి, డబ్బులు కట్టడానికి, దరఖాస్తులకు ఏమీ తగిలించకుండా ఇంకొకటి. మీరూ అలాగే పెట్టుకోమని చెబుతాను.

కొత్తదానికి మారేటప్పుడు బుక్‌మార్కులు దిగుమతి చేసుకోవడం నిమిషం పని. పాస్‌వర్డ్‌ల దగ్గరే జాగ్రత్త. వాటిని బయటికి తీస్తే సీఎస్‌వీ అనే ఫైలు వస్తుంది. ఒకసారి దాన్ని తెరిచి చూడండి: ప్రతి వరుసలో సైటు పేరు, మీ పేరు, పాస్‌వర్డ్ ఏ ముసుగూ లేకుండా కనిపిస్తాయి. డౌన్‌లోడ్స్‌లో ఉన్న ఆ ఫైలును ఎవరు చూసినా అంతే. కొత్త బ్రౌజర్లోకి ఎక్కించగానే దాన్ని తీసేయండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా. వాట్సాప్‌లోనో మెయిల్లోనో మీకు మీరే పంపుకోవద్దు.

వచ్చే పాఠానికి పని: ఇప్పుడు వాడుతున్నది కాక వేరే ఇంజన్ ఉన్న బ్రౌజర్ ఒకటి వేసుకుని, ఏడు రోజులు దాన్నే ముందు తెరవండి. ఎక్కడ విసుగొచ్చి పాతదానికి వెళ్లారో, ఆ సైటు పేరు, ఆ సమయం అదే కాగితం మీద రాయండి. వచ్చేసారి ఫోన్ తీసుకుని, ఆ పేర్లతోనే మొదలుపెడదాం.