‘అన్నట్టు’కి ఇంగ్లిష్‌లో ఏమంటారు?

స్పోకెన్ ఇంగ్లిష్‌లో మాటకీ మాటకీ మధ్య తడబడేవాళ్లకు ఒక చిట్కా. మాట కలిపే పదాలను జాబితాగా బట్టీ పట్టకండి. తెలుగులో మీరు రోజూ వాడేవాటికే జత వెతకండి. ‘అన్నట్టు’ అని కొత్త విషయం ఎత్తుతాం కదా, అక్కడ ‘బై ద వే’. ‘సరేగానీ’ అని పక్కదారి పట్టిన మాటను మళ్లీ దారిలో పెడతాం, అది ‘ఎనీవే’. ఫోన్ పెట్టేసే ముందు కూడా ఇదే పనికొస్తుంది. చెప్పింది సరిగా రాలేదనిపిస్తే ‘ఐ మీన్’. ‘విషయం ఏంటంటే’కి ‘ద థింగ్ ఈజ్’.

‘యాక్చువల్లీ’తో మాత్రం జాగ్రత్త. మనవాళ్లు చాలామంది ప్రతి వాక్యాన్నీ దానితోనే మొదలుపెడతారు. ఎదుటివాళ్లు అనుకున్నది నిజం కాదని సరిదిద్దేటప్పుడో, వాళ్లు ఊహించని సంగతి చెప్పేటప్పుడో అది బాగా నప్పుతుంది. ఊరికే వాడితే వాళ్ల మాట కొట్టిపారేస్తున్నట్టు వినిపించొచ్చు. ‘మోర్‌ఓవర్’, ‘ఫర్దర్‌మోర్’ వ్యాసాలకు వదిలేయండి, మాటల్లో ‘ఆల్సో’ చాలు.

వారానికి ఒక్క పదమే తీసుకోండి. తెలుగులో ‘అన్నట్టు’ అన్న ప్రతిసారీ ఆ వాక్యాన్ని మనసులో ‘బై ద వే’తో ఒకసారి అనుకోండి. మెల్లమెల్లగా టెన్షన్ లేకుండా అదే నోటికొస్తుంది.