కన్నబిడ్డే చెయ్యి చేసుకుంటున్న ఇంటికి స్నేహితులుగా ఎలా తోడుండాలి

భర్త కొట్టాడని పుట్టింటికి వచ్చి చెప్పుకునే ఆడవాళ్లు ఉన్నారు, అత్తింటి బాధలను చెల్లెలి దగ్గర వెళ్లబోసుకునేవాళ్లూ ఉన్నారు. కానీ ఇంటర్ చదువుతున్న కొడుకు తనను గోడకేసి నెట్టాడనో, తొమ్మిదో తరగతి కూతురు జుట్టు పట్టుకుని లాగిందనో నోరు తెరిచి చెప్పే తల్లి చాలా అరుదు. తండ్రి అయితే అసలే చెప్పడు. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందన్న సామెత వాళ్ల విషయంలో అక్షరాలా నిజం. బయటపెడితే బిడ్డ భవిష్యత్తు ఏమవుతుందోనన్న భయం ఒకవైపు, "మీ పెంపకమే అలా ఉంది" అన్న మాట పడాల్సి వస్తుందన్న బాధ మరొకవైపు. కాబట్టి ఈ సంగతి ఎవరైనా మీ దగ్గర బయటపెట్టారంటే, అంతకుముందు ఎన్నో నెలలు లోలోపల ఓర్చుకుని ఉంటారని గ్రహించండి.

నా స్నేహితురాలు మూడేళ్ల క్రితం మణికట్టుకు కట్టుతో కనిపించి, బాత్‌రూమ్‌లో జారిపడ్డానని చెప్పింది. రెండు వారాల తర్వాత మా వంటింట్లో నిలబడి, అసలు సంగతి ఒకే ఒక్క వాక్యంలో చెప్పింది. నేను కంగారులో "ఆ వయసు అలాంటిదే, ఇంటర్ అయిపోతే అన్నీ సర్దుకుంటాయిలే" అన్నాను. ఓదార్పు అనుకుని అన్న ఆ మాటతో ఆమె నోరు కట్టేశానని, ఆ తర్వాత నాలుగు నెలలపాటు ఆమె ఆ ఊసే ఎత్తకపోయేసరికి గానీ నాకు అర్థం కాలేదు. ఇక్కడ రాస్తున్న వాటిలో ఎక్కువ భాగం ఆ పొరపాటు నుంచి, ఆ తర్వాత ఆ కుటుంబానికి తోడుగా ఉన్న కాలం నుంచి నేర్చుకున్నవే.

విన్న రోజున

ముందుగా నమ్మండి. "నాతో చెప్పి మంచి పని చేశావు. ఇలా మీ ఒక్క ఇంట్లోనే జరగడం లేదు. ఈ రాత్రి ఇంటికి వెళ్లడానికి భయంగా ఉందా?" అన్న మూడు మాటలు చాలు. ఎవరితోనూ చెప్పనని మాట ఇవ్వవచ్చు గానీ, ఎవరి ప్రాణం మీదికైనా వస్తే మాత్రం ఊరుకోనని అప్పుడే చెప్పి ఉంచడం నిజాయితీ.

"రెండు తగిలిస్తే దారికొస్తాడు" అన్న సలహా ఇవ్వకండి. పదహారేళ్ల పిల్లవాడు చాలా ఇళ్లలో తల్లి కంటే బలంగా ఉంటాడు, కొన్నిళ్లలో తండ్రి కంటే కూడా. ఆ సలహా పాటించిన ఇంట్లో గొడవ మరింత పెద్దది కావడమే కాకుండా, బలమున్నవాడిదే గెలుపు అన్న పాఠం ఆ పిల్లవాడికి ఇంకోసారి అందుతుంది. అతి గారాబం చేశారనడం, మా పిల్లలు అలా కాదనడం కూడా అంతే హాని చేస్తాయి. ఆ తల్లి ఆ మాటలను తనకు తాను రోజూ వందసార్లు చెప్పుకుంటూనే ఉంటుంది.

ఇంతకీ ఇది మామూలు కౌమారపు కోపమా, హింసా అన్న సందేహం మీకూ రావచ్చు. తలుపు ధడాలున వేయడం, ఎదురు మాట్లాడటం, రెండు రోజులు అన్నం మానేయడం వంటివి చాలా ఇళ్లలో ఉండేవే. కొట్టడం, నెట్టడం, వస్తువులు విసిరి పగలగొట్టడం, కత్తి చూపించడం, చంపుతాననో చస్తాననో బెదిరించి డబ్బో బైకో సాధించుకోవడం వేరు. తేడా తెలిసేది తల్లిదండ్రుల ప్రవర్తనలోనే: బిడ్డ ఇంట్లోకి అడుగుపెట్టగానే వాళ్లు గొంతు తగ్గిస్తున్నారంటే, ఏ మాట అంటే ఏమవుతుందోనని లెక్క వేసుకుంటున్నారంటే, ఆ ఇంట్లో ఉన్నది భయమే.

ఇంటి భద్రత

కారణాలు వెతకడానికి ముందు, ఈ వారం ఎవరికీ దెబ్బ తగలకుండా చూడాలి. గొడవ మొదలయ్యే వేళను, సందర్భాన్ని మీ స్నేహితురాలితో కూర్చుని గుర్తించండి. ఫోన్ లాక్కున్నప్పుడు, మార్కులు వచ్చిన రోజున, తండ్రి తాగి వచ్చిన రాత్రి వంటి వరుస ఏదో ఒకటి సాధారణంగా ఉంటుంది. మాట పెరుగుతున్నప్పుడు వంటింట్లో నిలబడకూడదని, బయటి తలుపు దగ్గరగా ఉండాలని, చెయ్యి పట్టుకుని ఆపబోకుండా వెళ్లిపోవాలని ముందే అనుకోవాలి. కత్తులు, కత్తిపీట, రోకలి కంటికి కనిపించని చోటికి మార్చాలి. చస్తానన్న బెదిరింపును ఎప్పుడూ నాటకమని కొట్టిపారేయకండి. ఇంట్లో పురుగుల మందు, నిద్రమాత్రలు వంటివి ఉంటే అదే రోజున మీ ఇంటికి తెచ్చి తాళం వేయండి.

మాకు ఒక సంకేతం ఉండేది. ఫోన్ చేసి "కాస్త తోడు పెరుగు ఉందా" అని ఆమె అడిగితే, నేనో మా వారో వెంటనే వెళ్లి తలుపు కొట్టాలి. "చెల్లెల్ని పంపిస్తున్నా" అంటే చిన్నపిల్ల మా ఇంట్లో పడుకుంటుందని అర్థం. ఆ ఇంట్లో తమ్ముడో చెల్లెలో ఉంటే వాళ్లను మరచిపోకండి, ఎవరూ పట్టించుకోక ఎక్కువగా నలిగిపోయేది వాళ్లే. రెండు జతల బట్టలు, మందులు, కొంత నగదు, ఆధార్ కాపీలు, పెద్దబిడ్డ పదో తరగతి మెమో కాపీ ఉన్న ఒక సంచి మీ ఇంట్లో ఉంచండి. మెమో ఎందుకో ముందుకు వెళ్లాక చెబుతాను. దెబ్బ తగిలితే డాక్టరుకు అసలు కారణమే చెప్పమనండి, తారీఖులను ఒక పుస్తకంలో రాసి పెట్టమనండి.

బిడ్డతో మాట్లాడటం

స్నేహితులు చేయగలిగిన వాటిలో అన్నిటికంటే విలువైనది, అన్నిటికంటే కష్టమైనది ఇదే. టెల్ అవీవ్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త హైమ్ ఓమెర్, గాంధీజీ అహింసా ప్రతిఘటన నుంచి స్ఫూర్తి పొంది, ఇలాంటి తల్లిదండ్రుల కోసం ఒక పద్ధతిని రూపొందించారు. తిరిగి కొట్టకూడదు, అరవకూడదు, అలాగని లొంగిపోనూ కూడదు. వేడి మీద ఉన్నప్పుడు కాకుండా చల్లారాక స్పందించాలి. ప్రేమను మాత్రం షరతులు లేకుండా చూపుతూనే ఉండాలి. ఆ పద్ధతిలో మనకు సంబంధించిన భాగం మరొకటి ఉంది. జరుగుతున్నది గుట్టుగా ఉంచకుండా, నమ్మకమైన కొద్దిమందికి తెలియజేసి, వాళ్ల ద్వారా బిడ్డకు ఆ సంగతి చేరేలా చేయాలి. ఇంటి గుట్టు లంకకు చేటు అని మనం వింటూ పెరిగాం గానీ, ఈ విషయంలో మాత్రం గుట్టే ఇంటికి చేటు. నాలుగు గోడల మధ్య ఎవరూ చూడరన్న ధైర్యమే ఆ చెయ్యిని మళ్లీ మళ్లీ లేపుతుంది.

కొద్దిమంది అంటే ఇద్దరో ముగ్గురో. బిడ్డకు గౌరవం ఉన్న మేనమామ, తాతయ్య, చిన్నప్పటి మాస్టారు, లేదా మీరు. వీళ్లెవరో తల్లిదండ్రులే నిర్ణయించాలి. పదిమంది బంధువులను పిలిచి పంచాయితీ పెట్టడం, కుటుంబపు వాట్సాప్ గ్రూపులో పెట్టడం బిడ్డను అవమానిస్తాయి, అవమానపడ్డ పిల్లవాడు ఆ కసిని ఆ రాత్రి తల్లి మీదే తీర్చుకుంటాడు. ఆమె ఒప్పుకోకుండా మీరు అతనితో ఒక్క మాట కూడా మాట్లాడకండి.

ఒప్పుకుంటే, గొడవ జరిగిన మరుసటి రోజున, అందరూ శాంతంగా ఉన్న వేళ వెళ్లండి. నేను ఆ అబ్బాయితో అన్న మాటలు దాదాపు ఇవి: "నాన్నా, రాత్రి అమ్మ చెయ్యి ఎలా వాచిందో నాకు తెలుసు. అమ్మే చెప్పింది, ఇక ముందు కూడా చెబుతుంది. నువ్వంటే నాకు ఎప్పటిలాగే ఇష్టం. కానీ ఈ ఇంట్లో ఎవరి మీదా చెయ్యి లేవకూడదు. నీకు ఏ కష్టం ఉన్నా నాతో చెప్పొచ్చు. ఆదివారం మళ్లీ వస్తాను." అతను "మా ఇంటి విషయం మీకెందుకు ఆంటీ" అన్నాడు. నేను వాదించలేదు, ఆదివారం వెళ్లాను. క్షమాపణ చెప్పించాలని పట్టుపట్టకండి, ఎందుకు చేశావని నిలదీయకండి. చెప్పిన రోజున చెప్పినట్టు వెళ్లడమే అక్కడ పనిచేస్తుంది.

మూడో నెలలో, స్కూటర్ మీద వెళ్తున్నప్పుడు, ఆ అబ్బాయి తన హాస్టల్ గదిలో సీనియర్లు తనను ఏం చేసేవారో చెప్పాడు. అందరి విషయంలోనూ కారణం అదే ఉండదు. చిన్నప్పుడు తల్లిని తండ్రి కొడుతుంటే చూసినవాళ్లు ఉంటారు, గంజాయికి అలవాటు పడ్డవాళ్లు ఉంటారు, కుంగుబాటు కోపంగా బయటికి వచ్చేవాళ్లు ఉంటారు, పుట్టుకతోనే ఉన్న ఆటిజం వంటి పరిస్థితి వల్ల శబ్దానికో మార్పుకో తట్టుకోలేక చెయ్యి విసిరేవాళ్లూ ఉంటారు. కారణం తెలిస్తే చికిత్స దారి తెలుస్తుంది. అంతమాత్రాన కొట్టడం సమ్మతమైపోదు. ఈ రెండు మాటలనూ ఒకేసారి పట్టుకుని నిలబడటం తల్లిదండ్రులకు చాలా కష్టం కాబట్టి, అవసరమైనప్పుడల్లా గుర్తుచేయడం మీ పని.

వైద్యం

భారత ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్‌కు 14416 నంబరుపై ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బిడ్డ మాట్లాడకపోయినా తల్లిదండ్రులు తమ కోసం తాము చేయవచ్చు, మీరూ చేయవచ్చు. మొదటిసారి నా స్నేహితురాలు నా పక్కన కూర్చునే చేసింది. గంజాయి, మద్యం అలవాటు ఉందనిపిస్తే 14446 జాతీయ నంబరు ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. బిడ్డ ఆసుపత్రికి రానంటే ముందు తల్లిదండ్రులనే వెళ్లమనండి, తోడు మీరు వెళ్లండి. ఎవరో తనతో మాట్లాడుతున్నట్టు వినిపిస్తోందనడం, అందరూ తన మీద కుట్ర పన్నుతున్నారనడం, ఉన్నట్టుండి మనిషే మారిపోవడం కనిపిస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి. గాలి సోకిందని మొక్కుకుంటామంటే అడ్డుపడనక్కర్లేదు గానీ, కట్టేసి ఉంచే చోటికి తీసుకెళ్లనివ్వకండి. మానసిక వ్యాధి ఉన్నవారిని గొలుసులతో బంధించడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించింది.

పోలీసులను పిలవాల్సి వస్తే

కత్తి చేతిలో ఉన్నప్పుడు, గొంతు పట్టుకున్నప్పుడు, ఎవరికైనా రక్తం కారుతున్నప్పుడు 112కు ఫోన్ చేయాలి. ఆమె చేయలేకపోతే మీరే చేయాలి. బిడ్డ మైనరని, వయసు ఇంతని ఫోన్‌లోనే చెప్పండి. "కేసు పడితే వాడి జీవితం నాశనమవుతుంది" అన్న భయమే తల్లిదండ్రులను ఆపుతుంది కాబట్టి, 2015 నాటి బాలల న్యాయ చట్టం ఏమంటుందో మీరు ముందే తెలుసుకుని చెప్పగలగాలి. పద్దెనిమిదేళ్లు నిండనివారిని లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచకూడదు. ప్రతి పోలీసు స్టేషన్‌లో పిల్లల వ్యవహారాలు చూసే అధికారి ఒకరు ఉండాలి. బిడ్డను అదుపులోకి తీసుకుంటే 24 గంటల్లోగా ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉండే బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి. మండలి హెచ్చరించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కు ఆదేశించవచ్చు. పేరు, ఫోటో పత్రికల్లో రాకూడదు. హత్య వంటి ఘోర నేరాల విషయంలో పదహారు దాటినవారికి నిబంధనలు వేరుగా ఉన్నా, మిగతా సందర్భాల్లో ఆ కేసు వల్ల తర్వాత చదువుకో ఉద్యోగానికో అనర్హత రాకూడదని చట్టమే చెబుతుంది. వయసు నిరూపించడానికి మొదట చూసే పత్రాల్లో పదో తరగతి సర్టిఫికెట్ ఒకటి, అందుకే మెమో కాపీ మీ దగ్గర ఉండాలన్నాను. ఆ ఇంట్లోని చిన్నపిల్లల కోసం పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయవచ్చు.

డబ్బు, సమయం, మీ హద్దులు

బెదిరించి అడిగిన కొత్త ఫోన్ కొనడానికి అప్పు అడిగితే ఇవ్వకండి. కటువుగా అనిపించినా ఇది తప్పదు, ఎందుకంటే ఆ డబ్బుతో వచ్చేది వచ్చే నెల ఇంకో బెదిరింపే. డాక్టరు ఫీజుకు, మందులకు అడగకముందే ఇవ్వండి. మీ ఇంట్లో మగవాళ్లు ఉంటే ఆ తండ్రితో కాసేపు నడకకు వెళ్లమనండి. తల్లిదండ్రులు ఒకరినొకరు నిందించుకునే ఇంట్లో బిడ్డను నిలబెట్టేవాళ్లు ఉండరు, కాబట్టి ఎవరి పక్షమూ వహించకండి. మీరు అలసిపోయిన వారం ఆ మాట చెప్పి, మీ బదులు ఎవరు తలుపు కొడతారో ముందే కుదర్చండి.

కొన్ని నెలలు ప్రశాంతంగా గడిచాక పరీక్షల ముందో ఫలితాల రోజునో మళ్లీ చెయ్యి లేవవచ్చు. అది చూసి, చేసిందంతా వృథా అయిందని ఆ తల్లి కుప్పకూలిపోతుంది. కిందటి ఏడాది ఇదే వారంలో ఎన్నిసార్లు జరిగిందో ఆమె రాసిన పుస్తకం తీసి చూపించండి. బిడ్డతో మాత్రం పాత సంగతులు ఎత్తకండి, అతనికి చేయడానికి ఏదైనా పని అప్పజెప్పండి. మా గ్యాస్ సిలిండర్ మార్చడానికి ఇప్పటికీ ఆ అబ్బాయినే పిలుస్తాను. వాళ్ల సంచి ఇంకా మా బీరువా పై అరలోనే ఉంది, తీసుకెళ్లమని నేను అడగలేదు.