వీనస్ ఫ్లైట్రాప్‌ను ఫ్రిజ్‌లో పెట్టే ముందు

వీనస్ ఫ్లైట్రాప్‌కీ, సరసీనియాకీ (రెండూ పురుగుల్ని పట్టి తినే మొక్కలు) నవంబర్ చివర నుంచి ఫిబ్రవరి చివర దాకా చల్లటి విశ్రాంతి కావాలి. హైదరాబాద్, విజయవాడ ఇళ్లలో అంత చలి ఉండదు, ఫ్రిజ్జే దారి.

- మొదట మొక్క ఏదో తేల్చుకోండి. నెపెంథిస్‌కి (ఇదీ పురుగుల్ని తినే మొక్కే) ఈ చలికాలపు నిద్ర లేదు, మేఘాలయలో పెరిగే దాని రకం ఖాసియానాకైనా సరే. ఫ్రిజ్‌లో పెడితే చచ్చిపోతుంది.

- మట్టి ముట్టుకుంటే చెమ్మ తగలాలి, నొక్కితే నీళ్లు కారకూడదు. ఎక్కువ మొక్కలు పోయేది చలికి కాదు, ఈ తడికే: దుంప కుళ్లుతుంది. తడపాల్సొస్తే వాననీళ్లో, డిస్టిల్డ్ వాటరో.

- నల్లబడిన ఆకులు కత్తిరించండి. బూజు పట్టేది వాటికే. రెండు వారాలకోసారి తీసి చూడండి.

- 3–5 డిగ్రీల అరలో ఉంచండి, వెనక గోడకు ఆనించొద్దు. అక్కడ వేర్లు గడ్డకడతాయి.

- నెల ముందే పురుగులు వేయడం మానండి. అరగని పురుగు బోనులోనే, అంటే దాన్ని పట్టిన ఆకులోనే, కుళ్లుతుంది.

- ఆకులన్నీ పోయాయని పారేయకండి. దుంప తెల్లగా, గట్టిగా ఉంటే బతికే ఉన్నట్టు.

- మార్చిలో తీశాక వారం పది రోజులు నీడలోనే. నేరుగా ఎండలో పెడితే కొత్త చిగురు మాడుతుంది.