వయసు మీద పడ్డాక మెదడుకి పదును పెట్టడం ఎలా? మా అమ్మకి మేం చేసినవి

మా అమ్మకి 66 ఏళ్ళండి, మాది నరసాపురం దగ్గర పల్లెటూరు, చిన్నప్పట్నుంచీ లేసు అల్లుతూనే ఉంది. కిందటేడు నుంచి స్టవ్ మీద పాలు పెట్టి మర్చిపోవడం, పొద్దున చెప్పిందే సాయంత్రం మళ్ళీ మొదట్నుంచి చెప్పడం ఎక్కువైంది. ఎవరో చెప్తే జ్ఞాపకశక్తి పొడి డబ్బా ఒకటి కొని మూడు నెలలు పాలల్లో కలిపిచ్చాం, తేడా ఏం లేదు. అప్పుడు కూర్చుని చదవడం మొదలెడితే మేరియన్ డైమండ్ అనే ఆవిడ దగ్గర ఆగిపోయాను.

ఈవిడ అమెరికాలో బర్క్‌లీ యూనివర్సిటీలో న్యూరోసైంటిస్ట్‌గా, అంటే మెదడు మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తగా పనిచేశారు. కొన్ని ఎలకల్ని ఖాళీ బోనుల్లో ఒంటరిగా పెట్టారు, కొన్నిటిని పెద్ద బోనులో గుంపుగా ఉంచి ఆడుకునే వస్తువులు పెట్టి వాటిని మారుస్తూ వచ్చారు, తర్వాత మెదళ్ళు కొలిచి చూస్తే గుంపులో ఆడినవాటి మెదడు పై పొర మందంగా ఉంది. 1964లో ఇది అచ్చయింది, అప్పటిదాకా పెద్దయ్యాక మెదడు ఇంక మారదనే చాలామంది అనుకునేవాళ్ళు. తర్వాత బాగా ముసలి ఎలకల్లో కూడా మార్పు కనపడింది. నాకు గట్టిగా తగిలింది మాత్రం ఇంకో ప్రయోగం అండి. ప్రోటీన్ తక్కువ తిండితో పెరిగిన ఎలకలకి తర్వాత మంచి తిండి పెట్టారు, తిండితో పాటు ఆటవస్తువులూ తోడూ కూడా దొరికిన వాటిలో మెదడు కణాల కొమ్మలు, తిండి ఒక్కటే దొరికిన వాటికంటే బాగా సాగాయి. అంటే తిండీ పనీ రెండూ కలవాలి, డబ్బాలో పొడి ఒక్కటీ పోస్తే అవ్వదు.

మొదట టెస్టులు చేయించండి, ఇది దాటేసి వేరే ఏం మొదలెట్టొద్దు. బి12 విటమిన్, థైరాయిడ్, సుగర్, బీపీ. సుగర్‌కి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 తగ్గిపోయే అవకాశం ఉంది, బి12 తగ్గితే మతిమరుపు వస్తుంది, అమ్మకి అదే బయటపడింది, డాక్టరు గారు ఇంజెక్షన్లు రాశారు. మాత్రలు మాత్రం మీ అంతట మీరు ఆపకండి. చెవులు కూడా చూపించండి, సరిగ్గా వినపడని మాట గుర్తెలా ఉంటుంది? 2024లో లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్, మతిమరుపు జబ్బుకి (డిమెన్షియా) దారితీస్తాయని చెప్పిన 14 కారణాల్లో చెవుడు, బీపీ, సుగర్, ఒంటరితనం అన్నీ ఉన్నాయి. తెలిసిన వీధిలోనే దారి తప్పుతుంటే న్యూరాలజిస్టుకి చూపించాలి, ఉన్నట్టుండి ఒక్కరోజులో మాట ముద్దగా అయిపోయినా, మనుషుల్ని పోల్చుకోలేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి, ఇంట్లో చిట్కాలతో కూర్చోకూడదు.

తర్వాత తిండి. నాన్న పోయాక అమ్మ "నా ఒక్కదానికే ఏం వండుకుంటానే" అని రాత్రుళ్ళు పెరుగన్నం ఆవకాయతో సరిపెట్టేసేది, ఇలాంటి అమ్మలు మన గోదావరి జిల్లాల్లో ఇంటికొకరు ఉంటారు. మేం చేసింది ఏంటంటే పూటకి ఒక ప్రోటీన్ కచ్చితం, పొద్దున పెసరట్టు లేదా గుడ్డు, మధ్యాహ్నం ముద్దపప్పు, వారంలో రెండుసార్లు చేప. పులసే అక్కర్లేదండి, రేవులో చవగ్గా దొరికే కానాగంతలు, కవ్వళ్ళు చాలు, మెదడుకి కావల్సిన ఒమేగా-3 కొవ్వు వాటిలో బాగా ఉంటుంది. ఉప్పుచేపా ఆవకాయా మాత్రం తగ్గించాం, ఉప్పు బీపీని పెంచుతుంది, బీపీ మెదడులో సన్న రక్తనాళాల్ని పాడుచేస్తుంది, రోజుకి ఉప్పు 5 గ్రాముల లోపే అని డబ్ల్యూహెచ్‌ఓ అంటోంది. రోజూ ఒక ఆకుకూర, కంద బచ్చలో తోటకూర పప్పో, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్ కోసం. ఆ ఫోలిక్ యాసిడ్‌ని 1945లో ల్యాబ్‌లో తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారే, ఈ మాట చెప్పాక అమ్మ ఆకుకూర వద్దనడం మానేసింది! ఆకుల్ని ఉడకబెట్టి నీళ్ళు పారబోయకండి, ఆ విటమిన్ నీళ్ళల్లోనే పోతుంది.

నడక. 2011లో 120 మంది పెద్దవాళ్ళ మీద చేసిన పరిశోధనలో వారానికి మూడు రోజులు 40 నిమిషాలు నడిచినవాళ్ళకి ఏడాదిలో జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోకాంపస్ అనే భాగం దాదాపు 2 శాతం పెరిగింది, ఒళ్ళు సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్ళకి తగ్గింది. అమ్మ పదేసి నిమిషాలతో మొదలెట్టి కాలవ గట్టు మీద ఇప్పుడు 40కి వచ్చింది.

ఇప్పుడు అసలు పని, కొత్తది నేర్పడం. అమ్మ లేసు అల్లుతుంది కాబట్టి మెదడుకి పని ఉన్నట్టే అనుకున్నాం, కానీ నలభై ఏళ్ళుగా అల్లిన పువ్వునే కళ్ళు మూసుకుని కూడా అల్లేస్తుంది, చేతులు వాటంతటవే కదులుతాయి, అందులో మెదడుకి కొత్తగా తేల్చుకోవాల్సింది ఏముంది? ఎలకల బోనులో వస్తువులు మార్చింది అందుకే. అందుకని ఎప్పుడూ అల్లని డిజైన్ ఒకటి తెచ్చిచ్చాం. తప్పులు పడాలి, విప్పి మళ్ళీ అల్లాలి, విసుక్కోవాలి కూడా, అంత కష్టం ఉంటేనే పనికొస్తుంది. మీ ఇంట్లో వాళ్ళకి లేసు కాకపోతే ఫోన్‌లో తెలుగు టైపింగో, చదరంగమో, హార్మోనియమో ఏదైనా సరే, వాళ్ళకి ఇష్టం ఉండాలి అంతే.

నేర్చుకున్నది నిలబడాలంటే చూసి చేయడం కాదు, మూసి చేయాలి. 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు పరిశోధకులు స్టూడెంట్లతో పాఠం చదివించారు, మళ్ళీ మళ్ళీ చదివినవాళ్ళు ఐదు నిమిషాల తర్వాత బాగా చెప్పారు కానీ వారం తర్వాత చూస్తే పుస్తకం మూసి గుర్తు తెచ్చుకున్నవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. మన అవధానుల ధారణ కూడా చూడకుండా లోపల్నుంచి లాగడమే కదా, తిరుపతి వేంకట కవులిద్దరూ మన గోదావరి వాళ్ళే. కాబట్టి అమ్మ నమూనా చూసి, పెట్టెలో పెట్టి మూతేసి, గుర్తున్నంత అల్లి అప్పుడు తీసి సరిచూసుకుంటుంది. మర్నాడు ఒకసారి, మూడు రోజులకి ఒకసారి, వారానికి ఒకసారి. మధ్యలో మనం అందించేయకూడదు, కాసేపు తడుముకోనివ్వాలి, ఇదే కష్టం పక్కనుండే మనకి. రాత్రి నిద్ర కూడా సరిగ్గా ఉండాలి, పగలు నేర్చుకున్నది కుదురుకునేది అప్పుడే.

చివరిది మనుషులు. డైమండ్ ఎలకలు ఆడింది ఒంటరిగా కాదు, ముసలి ఎలకల్ని చేతుల్లోకి తీసుకుని నిమిరితే ఎక్కువకాలం బతికాయని కూడా ఆవిడ చెప్పేవారు. అమ్మని సాయంత్రాలు అరుగు మీదే కూర్చోమన్నాం, పక్కింటి ఇద్దరు ఆడపిల్లలకి ఆ కొత్త డిజైన్ నేర్పుతోంది, వాళ్ళు "ఇక్కడెందుకు రెండు కుట్లు వదిలేశారు అమ్మమ్మా" అని అడిగితే ఆగి, ఆలోచించి, సూది వెనక్కి తిప్పి చూపిస్తోంది. స్టవ్ సంగతి మాత్రం జ్ఞాపకానికి వదల్లేదండి, పాలు పెట్టగానే ఫోన్‌లో పది నిమిషాల అలారం పెట్టుకోమన్నాం, పెట్టుకుంటోంది.