మద్రాసులో మంజూరైన పాత ప్రొబేట్: మనిషిని పెట్టి వెతికించడం, నకలుకు దరఖాస్తు చేయడం

టి.నగర్‌లోనో జార్జిటౌన్‌లోనో తాతల నాటి ఇల్లు అమ్మకానికి పెడితే కొనేవారి వకీలు ముందు లింకు డాక్యుమెంట్లు (హక్కు చేతులు మారిన వరుసను చూపే పాత కాగితాలు) అడుగుతారు. ఆ వరుసలో ఒక వీలునామా కనిపించిందంటే మరుక్షణం అడిగేది ప్రొబేట్, అంటే ఆ వీలునామా నిజమైనదని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ. 1870 సెప్టెంబరు 1 నుంచి మద్రాసు నగరంలో హిందువులు రాసిన వీలునామాలకు, ఎక్కడ రాసినా నగరంలోని స్థిరాస్తిని పంచే వీలునామాలకు ప్రొబేట్ తీసుకోవాలన్న నియమం వచ్చింది. 1925 నాటి భారత వారసత్వ చట్టంలోనూ, 2025లో సెక్షన్ 213ను తొలగించేదాకా, అది 57, 213 సెక్షన్లుగా కొనసాగింది. గుంటూరులో కూర్చుని గుంటూరు పొలం గురించి రాసిన వీలునామాకు ఈ బాధ్యత లేదు. అందుకే డబ్బు ఖర్చు పెట్టేముందు, ఆ వీలునామాకు అసలు ప్రొబేట్ తీసుకుని ఉండే అవకాశం ఉందా అని చూసుకోండి. తీసుకోని ప్రొబేట్ కోసం నెలల తరబడి వెతికించేవాళ్ళు తక్కువేమీ కాదు.

నగరానికి సంబంధించిన ప్రొబేట్ రికార్డు మద్రాసు హైకోర్టు ఒరిజినల్ సైడ్‌లోనే (నగరపు కేసులను నేరుగా విచారించే విభాగంలోనే) ఉంటుంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం విడిపోయినా ఆ కాగితాలు మద్రాసు దాటి రాలేదు కాబట్టి అమరావతిలోనో హైదరాబాదులోనో అడిగి లాభం లేదు. హైకోర్టు 1862లో ఏర్పడింది. అంతకు ముందు ప్రొబేట్ ఇచ్చినవి 1726 నుంచి మేయర్స్ కోర్టు, 1798 నుంచి రికార్డర్స్ కోర్టు, 1801 నుంచి సుప్రీంకోర్టు. అంత పాతవాటికి చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్, లండన్ బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీస్ రికార్డులు చూడాలి. లండన్‌లో మద్రాసు వీలునామాల నకళ్ళు ఎల్/ఏజీ/34/29 వరుసలో, ఆస్తి జాబితాలు ఎల్/ఏజీ/34/27 వరుసలో ఉన్నాయి. ఎక్కువ భాగం యూరోపియన్లవే.

ఎవరిని పెట్టుకోవాలన్నది దీన్ని బట్టే తేలుతుంది. ఆర్కైవ్స్‌కైతే పాత ఇంగ్లీషు చేతిరాత చదవగల చరిత్ర పరిశోధకుడు కావాలి. హైకోర్టు రికార్డు గది అందరూ వెళ్ళి చదువుకునే గ్రంథాలయం కాదు. అక్కడ ఒరిజినల్ సైడ్‌లో ప్రాక్టీసు చేసే న్యాయవాది, ఆయన గుమాస్తా ద్వారా తప్ప పని సాగదు. "రెండు చోట్లా నేనే చూస్తాను" అనేవారిని ఇంతకుముందు తెప్పించిన సర్టిఫైడ్ కాపీ ఒకటి, పేర్లు కప్పేసి చూపమనండి.

వెతుకులాట అంతా ఒక్క నంబరు కోసమే. ప్రొబేట్ పిటిషన్‌కు ఓ.పి. (ఒరిజినల్ పిటిషన్) నంబరు, ఏడాది ఉంటాయి. ఎవరైనా అభ్యంతరం చెప్పి కేవియట్ (తన మాట వినకుండా మంజూరు చేయొద్దన్న అర్జీ) వేసి, తగాదా నడిచి ఉంటే అది టి.ఓ.ఎస్. (టెస్టమెంటరీ ఒరిజినల్ సూట్) అనే దావాగా మారి కొత్త నంబరు తెచ్చుకుంటుంది. ఓ.పి. ఫైలు దొరికినా అందులో తీర్పు లేకపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. ఆ నంబరు హైకోర్టుకు వెళ్ళకముందే దొరకవచ్చు. అదే ఆస్తి మీద తర్వాత జరిగిన అమ్మకం దస్తావేజు తీసి, హక్కు ఎలా సంక్రమించిందో చెప్పే పేరాలు చదవండి. ఫలానా ఏడాది ఫలానా ఓ.పి.లో ప్రొబేట్ మంజూరైందని అక్కడ రాయడం మద్రాసు దస్తావేజు లేఖరులకు ఆనవాయితీ. ఆ దస్తావేజు నంబరు కోసం ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ధ్రువపత్రం) తీయాలి. తమిళనాడు రిజిస్ట్రేషన్ శాఖ పోర్టల్‌లో సాధారణంగా 1975 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుదానికి సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో చేతిరాత ఈసీకి దరఖాస్తు పెట్టాలి. ఈ పని ముందు చేసుకుంటే పరిశోధకుడికి ఇచ్చే ఫీజులో పెద్ద భాగం మిగులుతుంది.

నంబరు దొరక్కపోతే హైకోర్టు పిటిషన్ల ఇండెక్సులు (పేర్ల పట్టికలు) చూడక తప్పదు, అప్పుడు అసలు చిక్కు పేర్లతో వస్తుంది. వెంకటస్వామి నాయుడు 'వెంకటసామి' అయి ఉండవచ్చు, ఇంగ్లీషులో మధ్య అక్షరం 'కె' బదులు 'సి' అయి ఉండవచ్చు. కృష్ణమ్మ 'కిష్ణమ్మ' అవుతుంది. నాయుడు, శెట్టి లాంటివి మూడు నాలుగు స్పెల్లింగుల్లో కనిపిస్తాయి. మనిషి ఇంటిపేరు కింద ఉండవచ్చు, సొంత పేరు కింద ఉండవచ్చు, ఒక్కోసారి కులబిరుదు కింద కూడా ఉంటారు. స్త్రీలను భర్త పేరుతో కలిపి రాసినచోట్ల ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఏడాది విషయంలోనూ పొరపాటు పడతారు: ఇండెక్సు నడిచేది పిటిషన్ వేసిన ఏడాదిని బట్టి, చనిపోయిన ఏడాదిని బట్టి కాదు. మరణించిన ఏడాది నుంచి కనీసం పదేళ్ళు చూడమని ఒప్పందంలోనే రాయించండి. వీలునామా లేనివారి విషయంలో మంజూరయ్యేది లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి నిర్వహణకు కోర్టు ఇచ్చే అధికార పత్రం. ఆస్తి చూసుకునే వారసులు లేకపోతే అడ్మినిస్ట్రేటర్ జనరల్ అనే ప్రభుత్వ అధికారి చేతికి వెళ్ళి ఉండవచ్చు. ఈ రెండూ వెతికే జాబితాలో ఉండాలి.

పరిశోధకుడికి ఇవ్వాల్సిన కాగితం ఒక్క పేజీ చాలు: మృతుడి పేరు తెలిసిన అన్ని రూపాల్లో, మరణించిన తేదీ, ఊరు, ఎగ్జిక్యూటరుగా (వీలునామాను అమలు చేసే వ్యక్తిగా) ఉండి ఉంటారనుకునేవారి పేర్లు, ఆస్తి వీధి, పాత డోరు నంబరు, సర్వే నంబరు. చెన్నైలో పాత, కొత్త డోరు నంబర్లు రెండూ వాడుకలో ఉన్నాయి కాబట్టి ఏది ఏదో స్పష్టంగా రాయండి.

ఫీజు రెండు దశల్లో మాట్లాడుకోవడం మేలు. వెతకడానికి ఒకటి, దొరికాక నకలు తెప్పించడానికి మరొకటి. ఏమీ దొరక్కపోయినా ఏ ఏళ్ళ ఇండెక్సులు, ఏ స్పెల్లింగులతో చూశారో రాతపూర్వకంగా ఇవ్వాలి, లేకపోతే రేపు ఇంకొకరు మళ్ళీ మొదటినుంచి వెతకాలి. కోర్టు ఫీజులకు రసీదులు విడిగా అడగండి. ఆస్తిలో వాటా ఇస్తామని న్యాయవాదితో ఒప్పందం చేసుకోకండి, ఫలితం మీద ఆధారపడిన ఫీజు బార్ కౌన్సిల్ నియమాలకు విరుద్ధం.

నకలు దరఖాస్తు మీ పేరుతోనే పడాలి. పాత పిటిషన్‌లో మీరు కక్షిదారు కాదు కనుక, మృతుడితో మీ బంధుత్వం, నకలు ఎందుకు కావాలో చెబుతూ అఫిడవిట్ జతచేయాలి. మరణ ధ్రువపత్రాలు, వారసత్వ ధ్రువపత్రం వెంట పెడితే ప్రశ్నలు తగ్గుతాయి. అమెరికాలో ఉన్నవారు పవర్ ఆఫ్ అటార్నీ ఇస్తే దానికి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా అక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ) చేయించి పంపాలి, అది భారతదేశానికి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలి. ఆ గడువు దాటడం మామూలుగా జరిగే తప్పు. దరఖాస్తు వేసి మరిచిపోవడం రెండోది: నకలు చార్జీలు కట్టమని నోటీసు పెట్టాక గడువులోగా కట్టకపోతే దరఖాస్తు కొట్టేస్తారు.

ప్రొబేట్ ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. దానికి జతపరిచిన వీలునామా, పిటిషన్‌తో పెట్టిన ఆస్తుల జాబితా, వారసత్వ చట్టం సెక్షన్ 317 ప్రకారం ఎగ్జిక్యూటరు ఆరు నెలల్లో దాఖలు చేయాల్సిన ఇన్వెంటరీ (ఆస్తి అప్పుల పట్టిక), ఏడాదిలోపు దాఖలు చేయాల్సిన లెక్కలు కూడా అడగండి. నెల్లూరు, గుంటూరు జిల్లాల్లోని పొలాల వివరాలు ఈ జాబితాల్లో బయటపడవచ్చు. అసలు వీలునామా అదే చట్టం సెక్షన్ 294 ప్రకారం కోర్టులోనే ఉండిపోతుంది, ఇంట్లో దొరకలేదని కంగారు పడనక్కర్లేదు. అయితే ప్రొబేట్ తేల్చేది వీలునామా నిజమైనదా, ఎగ్జిక్యూటరు ఎవరు అన్నదే. ఆస్తి మృతుడిదేనా అన్నది దానితో రుజువు కాదు.

ఆంధ్ర, తెలంగాణ జిల్లాల్లో రిజిస్టరైన వీలునామాకు దారి వేరు. అది సబ్ రిజిస్ట్రారు దగ్గర 3వ పుస్తకంలో ఉంటుంది, మామూలు ఈసీలో కనిపించదు. రిజిస్ట్రేషన్ చట్టం సెక్షన్ 57 ప్రకారం రాసినవారు బతికుండగా వారికి, వారి ఏజెంట్లకు తప్ప నకలు ఇవ్వరు. చనిపోయాక ఎవరడిగినా ఇస్తారు, మరణ ధ్రువపత్రం అందుకే. ఆ పుస్తకాన్ని వెతికేది రిజిస్ట్రేషన్ అధికారి మాత్రమే, కాబట్టి ఇక్కడ పరిశోధకుడికి డబ్బివ్వడం దండగ.

ఎక్కడా దొరకకపోతే నోటిమాటతో తిరిగి రావద్దు. కాలం తీరిన కాగితాలను 1917 నాటి రికార్డుల ధ్వంస చట్టం కింద తీసేసి ఉండవచ్చు, చెదలు తిని ఉండవచ్చు. రికార్డు అందుబాటులో లేదన్న ఎండార్స్‌మెంట్ రాతలో తీసుకోండి. ఇంట్లో పాత జిరాక్సు కాపీ ఉంటే, భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 60 కింద దాన్ని ద్వితీయ సాక్ష్యంగా (అసలు కాగితానికి బదులుగా) పెట్టడానికి కోర్టు మొదట చూసేది ఆ ఎండార్స్‌మెంట్‌నే.