సాకెట్ మార్చగానే యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ సెట్టింగులు పోవడం: సమస్య - పరిష్కారం

సమస్య

వేబ్రిడ్జి (లారీలను తూచే కాటా) ఇండికేటర్ నుంచి బరువును విండోస్ కంప్యూటర్‌కు చేరవేసే యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్ నిన్నటి వరకు కామ్ 3 (సీరియల్ పోర్టుకు విండోస్ ఇచ్చే నంబరు)గా పనిచేసి, దాన్ని ఊడదీసి పక్క సాకెట్‌లో పెట్టగానే కామ్ 7గా కనబడుతుంది. బిల్లు వేసే సాఫ్ట్‌వేర్ కామ్ 3నే తెరవడానికి ప్రయత్నిస్తుంది కాబట్టి తెరమీద బరువు రాదు. సీరియల్ నంబరు లేని ఎఫ్‌టీడీఐ కంపెనీ చిప్ ఉన్న కన్వర్టర్‌లో లేటెన్సీ టైమర్‌ను (వచ్చిన డేటాను కంప్యూటర్‌కు పంపే ముందు చిప్ ఆగే సమయం) తగ్గించి పెట్టుకుని ఉంటే, అది కూడా మళ్లీ 16 మిల్లీసెకన్లకు వచ్చేసి ఉంటుంది. ఇలాంటప్పుడు చాలామంది ముందుగా డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కిస్తారు. అలా చేయకండి, ఎందుకంటే లోపం డ్రైవర్‌లో లేదు.

కారణం

విండోస్ ప్రతి పరికరానికీ రిజిస్ట్రీలోని (విండోస్ తన సెట్టింగులను ఉంచుకునే చోటు) ఎనమ్ (Enum) శాఖ కింద ఒక కీ ఏర్పరచి, అందులోని డివైస్ పారామీటర్స్ అనే ఉపకీలో ఆ పరికరపు సెట్టింగులను దాస్తుంది. కామ్ నంబరు ఉండేది కూడా అక్కడే. పరికరం తన సీరియల్ నంబరు చెబితే ఆ కీకి అదే గుర్తింపు అవుతుంది కనుక ఏ సాకెట్‌లో పెట్టినా పాత సెట్టింగులే దొరుకుతాయి. సీహెచ్340 వంటి చిప్‌లతో వచ్చే చవక కన్వర్టర్లలో సాధారణంగా సీరియల్ నంబరు ఉండదు. అప్పుడు విండోస్ సాకెట్‌ను బట్టి తానే ఒక గుర్తింపును తయారు చేస్తుంది. సాకెట్ మారితే దాని లెక్కలో అది కొత్త పరికరమే. అంటే మీ సెట్టింగులు చెరిగిపోలేదు, పాత గుర్తింపు కింద భద్రంగా ఉన్నాయి.

దీన్ని నిర్ధారించుకోవడానికి డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టు ప్రాపర్టీస్ తెరిచి, డిటెయిల్స్‌లో డివైస్ ఇన్‌స్టాన్స్ పాత్‌ను ఎంచుకోండి. చివరి వాలు గీత (\) తర్వాతి భాగంలో రెండో అక్షరం యాంపర్‌సాండ్ (&) గుర్తు అయితే, ఆ గుర్తింపు విండోస్ తయారు చేసినదే.

పరిష్కారం

కన్వర్టర్‌ను పాత సాకెట్‌లోనే తిరిగి పెట్టి, ఆ సాకెట్ పక్కన ఒక స్టిక్కర్ అంటించడం అన్నిటికన్నా తేలిక. ఆ సాకెట్ పాడైపోతే డివైస్ మేనేజర్ వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ ఎంచుకోండి. మసకగా కనిపించే పాత కామ్ 3ను అన్‌ఇన్‌స్టాల్ చేసి, కొత్త పోర్టు ప్రాపర్టీస్‌లో పోర్ట్ సెట్టింగ్స్, ఆపైన అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి కామ్ 3ను కేటాయించండి. పాత పోర్టు తీసే ముందు దాని విలువలను కాగితం మీద రాసుకోండి. రిజిస్ట్రీ నుంచి ఎక్స్‌పోర్ట్ చేసిన ఫైలులో పాత గుర్తింపే ఉంటుంది కాబట్టి, దాన్ని తిరిగి ఎక్కించినా కొత్త పరికరానికి ఆ విలువలు అందవు.

తరచూ పరికరాలు అటూ ఇటూ మార్చే చోట సీరియల్ నంబరు ఉన్న కన్వర్టర్ కొనడమే సరైన మార్గం. ఎఫ్‌టీడీఐ వారి ఎఫ్‌టీ232ఆర్ చిప్‌లో సీరియల్ నంబరు ఫ్యాక్టరీలోనే రాసి వస్తుంది.

విలువ మార్చినా ఫలితం లేకపోతే

చాలా డ్రైవర్లు రిజిస్ట్రీని పరికరం మొదలయ్యేటప్పుడు మాత్రమే చదువుతాయి. డివైస్ మేనేజర్‌లో పరికరాన్ని డిసేబుల్ చేసి మళ్లీ ఎనేబుల్ చేయండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్న కంప్యూటర్‌లో షట్‌డౌన్ చేస్తే డ్రైవర్లు పూర్తిగా కొత్తగా మొదలుకావు కాబట్టి రీస్టార్ట్ చేయాలి.

ఒక యూజర్ దాచినది మరొకరికి కనిపించకపోతే

పాత 32 బిట్ ప్రోగ్రామ్ అడ్మినిస్ట్రేటర్ అనుమతి లేకుండా మొత్తం కంప్యూటర్‌కు చెందిన సాఫ్ట్‌వేర్ శాఖలో రాయబోతే, విండోస్ ఆ విలువను వర్చువల్‌స్టోర్ పేరుతో ఆ యూజర్ ఖాతాలోకి మళ్లించవచ్చు. సెట్టింగులు అమర్చేటప్పుడు ప్రోగ్రామ్‌ను ఒకసారి అడ్మినిస్ట్రేటర్‌గా నడిపి దాచితే అవి అందరికీ కనిపిస్తాయి. ఇంతకుముందు మళ్లించబడిన విలువ ఏ ఖాతాలోనైనా మిగిలి ఉంటే, ఆ ఖాతాలో దాన్ని తొలగించేవరకు పాతదే కనబడుతుంది.