ముందు బ్రేక్ క్యాలిపర్ లీకు: నా అనుభవం

కొత్తపట్నం నుంచి ఒంగోలుకు రోజూ బండి మీదే వెళ్తాను. ముందు బ్రేక్ లివర్ మెత్తబడింది, క్యాలిపర్ (ప్యాడ్లను డిస్క్‌కు నొక్కే భాగం) కింద తడి. బాంజో వాషర్లు (బ్రేక్ గొట్టం బిగించే చోట ఉండే రింగులు) మార్చా, బ్లీడర్ నిపుల్ (గాలి తీసే మర) బిగించా, సీళ్లు (పిస్టన్ చుట్టూ ఉండే రబ్బరు రింగులు) కూడా ఒకసారి మార్పించా; ఆగలేదు.

ఈసారి క్యాలిపర్ విప్పి, ప్యాడ్లు తీసి, లివర్ నెమ్మదిగా నొక్కుతూ పిస్టన్‌ను బయటికి తెచ్చా. లీకుకు కారణం సీలు కాదు, అది కూర్చునే గాడి! లోపల తెల్లటి పొడి గట్టిపడి ఉంది. ఉప్పుగాలి పుణ్యమే అనుకుంటా. వెదురు పుల్లతో గోకి, బ్రేక్ ఫ్లూయిడ్‌తో కడిగా. ఇనుప మొన పెడితే గీతలు పడతాయి. కొత్త సీళ్లకు డాట్ 4 రకం బ్రేక్ ఫ్లూయిడ్ పూసి (మీ బ్రేక్ ఫ్లూయిడ్ డబ్బా మూత మీద ఏది రాసుంటే అది), పిస్టన్‌ను వేళ్లతోనే లోపలికి నెట్టా. తడిసిన ప్యాడ్లు పారేసి కొత్తవి వేసి, చివర్లో బ్రేక్ గొట్టంలోని గాలి తీశా.

రెండు నెలలైంది, చుక్క కారలేదు. నా పిస్టన్ నున్నగా ఉంది కాబట్టి సరిపోయింది. గుంటలు పడి ఉంటే దాన్నీ మార్చాల్సిందే.